బూతు మాట, రాజకీయ మాట: క్రాస్‌వర్డ్ గళ్లలోకి ఏది రావచ్చు?

2019 జనవరి 1న న్యూయార్క్ టైమ్స్ క్రాస్‌వర్డ్‌లో ఒక ఆధారం (క్లూ) వచ్చింది. బేస్‌బాల్‌లో బ్యాటర్ తలకు గురిపెట్టి విసిరే బంతిని మామూలు మాటల్లో ఏమంటారు అని. ఇంగ్లీషులో ఆరక్షరాల జవాబు: బీనర్. నిఘంటువు తీసి చూస్తే తప్పేమీ కనపడదు, కానీ అమెరికాలో ఆ మాట వినపడేది బేస్‌బాల్ మైదానంలో కాదు, మెక్సికో నుంచి వచ్చినవాళ్లని తిట్టేటప్పుడు. (బంతి గురించి మాట్లాడాలంటే బేస్‌బాల్ అభిమానులు బీన్‌బాల్ అంటారని చాలామంది అప్పుడే ఎత్తిచూపారు.) అంటే ఆ పూట పజిల్ పూర్తి చేయాలనుకున్న మెక్సికన్ అమెరికన్ ఎవరైనా తనను తిట్టే మాటని తన చేత్తోనే, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం చొప్పున రాసుకోవాల్సి వచ్చింది.

ఎడిటర్ విల్ షార్ట్జ్ క్షమాపణ చెప్పాడు. ఆ తిట్టు తాను ఎప్పుడూ వినలేదన్నాడు. దాంతోపాటు ఇంకో మాట కూడా అన్నాడు: ఒక పదానికి హాని లేని అర్థం ఒకటి ఉంటే చాలు, దాన్ని క్రాస్‌వర్డ్‌లో వాడొచ్చన్నది తన అభిప్రాయమని. ఈ రెండో వాక్యం మీద మొదలైన వాదన ఇంకా సాగుతూనే ఉంది.

క్లుప్తంగా

ఈ గొడవలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. మొదటిది అసభ్యమైన మాట, అది ఎక్కడ అచ్చవుతుందన్న దాన్ని బట్టి తేలే విషయం. రెండోది ఒక జాతినో వర్గాన్నో కించపరిచే తిట్టు. దాన్ని తప్పించడానికి దాదాపు ఎప్పుడూ దారి ఉంటుంది, గళ్లు ఇరికించాయన్న సాకు చాలాసార్లు నిలవదు. మూడోది రాజకీయం, దీన్ని పూర్తిగా బయట ఉంచడం ఎవరివల్లా కాదు. అక్కడ చిక్కు ఎక్కువగా జవాబులో కాకుండా ఆధారం రాసిన తీరులో ఉంటుంది. వార్తకీ నిఘంటువుకీ లేని ఒక లక్షణం క్రాస్‌వర్డ్‌కి ఉంది, పూరించేవాళ్లకి ఆ మాటని దాటేసి వెళ్లే వీలు లేదు.

టిఫిన్ బల్ల దగ్గర పెట్టిన పరీక్ష

మొదటి క్రాస్‌వర్డ్ 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది, కూర్చింది ఆర్థర్ విన్. 1924లో పుస్తకరూపంలో వచ్చాక అది దేశమంతా అంటుకుంది. ఆ సంవత్సరమే న్యూయార్క్ టైమ్స్ ఈ పిచ్చిని ఎగతాళి చేస్తూ, ఇది పాపిష్టి కాలయాపన అన్న ధోరణిలో సంపాదకీయం రాసింది. ఆ పత్రికే 1942 ఫిబ్రవరి 15న సొంత పజిల్ మొదలుపెట్టింది. మధ్యలో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. దీపాలార్పుకుని ఇళ్లలో కూర్చునే రాత్రులు రాబోతున్నాయి, జనానికి ఏదో ఒక కాలక్షేపం కావాలని పత్రిక లోపలే అనుకున్నారు.

అంటే టైమ్స్ పజిల్ పుట్టిందే యుద్ధాన్ని కాసేపు మర్చిపోవడానికి. మొదటి ఎడిటర్ మార్గరెట్ ఫరార్ పెట్టిన కట్టుబాట్లు అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుండాలి. చావు, జబ్బు, యుద్ధం, పన్నులు గళ్లలో వద్దన్నారామె. పొద్దున్నే కుటుంబంతో కూర్చుని కాఫీ తాగుతూ పూరించే దాంట్లో మూత్రం, ఎనిమా లాంటి మాటలు రాకూడదు. ఈ పద్ధతికే తర్వాత బ్రేక్‌ఫాస్ట్ టెస్ట్ అని పేరొచ్చింది. 1969 దాకా ఆవిడే ఎడిటర్, కాబట్టి అమెరికాలో క్రాస్‌వర్డ్ అంటే ఎలా ఉండాలన్న అలవాటు చాలావరకు ఆవిడ చేతుల్లోనే తయారైంది.

ఈ పరీక్ష కొలిచేది అసహ్యాన్ని మాత్రమే, ఒక మాట ఎవరినైనా గాయపరుస్తుందా అన్నది దాని లెక్కలోకి రాదు. కడుపులో తిప్పే మాట ఫెయిల్ అవుతుంది, పక్కింటివాడి జాతిని తక్కువ చేసే మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడకపోతే దర్జాగా పాసవుతుంది. టిఫిన్ బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎవరూ వేయలేదు. 2019లో బయటపడింది ఆ పాత కన్నమే.

బ్రిటన్‌లో సంప్రదాయం కొంచెం వేరు. 2013 జనవరిలో గార్డియన్ పత్రికకి అరకేరియా పేరుతో పజిల్స్ కూర్చే జాన్ గ్రాహమ్ తనకి అన్నవాహిక క్యాన్సర్ వచ్చిందని, ఉపశమన చికిత్స జరుగుతోందని తన క్రాస్‌వర్డ్‌లోనే చెప్పాడు. పైన చిన్న సూచన ఇచ్చి జవాబులన్నీ గళ్లలో దాచాడు. చావు, జబ్బు రెండూ ఉన్నాయి, ఫరార్ పరీక్షలో ఘోరంగా తప్పే పజిల్ అది. పాఠకులు దాన్ని ఆత్మీయంగా స్వీకరించారు. ఎందుకంటే అక్కడ ఆ మాట ఎవరు చెబుతున్నారో, ఎవరి గురించి చెబుతున్నారో వాళ్లకి తెలుసు.

గళ్లు నిజంగా ఇరికిస్తాయా?

కూర్చేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "ఏం చేయం, ఆ మూలలో ఇంకో మాట పట్టలేదు." ఇందులో కొంత నిజముంది. అమెరికన్ పద్ధతిలో ప్రతి అక్షరం అటు అడ్డం మాటలోనూ ఇటు నిలువు మాటలోనూ ఉండాలి, మూడక్షరాల కన్నా చిన్న మాట ఉండకూడదు, నల్లగళ్ల అమరిక తిప్పి చూసినా ఒకేలా ఉండాలి. రోజువారీ పజిల్ పదిహేను వరసలు, పదిహేను నిలువులు. బ్రిటిష్ పద్ధతిలో దాదాపు సగం అక్షరాలకే రెండువైపులా లంకె ఉంటుంది కాబట్టి అక్కడ ఊపిరి ఆడుతుంది. అమెరికన్ గళ్లకి అచ్చులు ఎక్కువున్న పొట్టి మాటలు ఎప్పుడూ కావాలి. ఉగాండా నియంత ఇదీ అమీన్ పేరు రెండు ముక్కలుగా అన్నిసార్లు పజిల్స్‌లో కనపడటానికి అసలు కారణం ఇదే, ఆయన మీద ఎవరికీ ప్రేమ ఉండి కాదు.

ఒక చిన్న మూల తీసుకుని చూద్దాం. మూడు వరసలు, వరసకి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. మొదటి వరస ఏ-ఐ-డి-ఎస్, రెండోది ఐ-డి-ఇ-ఎస్, మూడోది ఎల్-ఐ-ఎన్-ఇ. అడ్డంగా ఎయిడ్స్, రోమన్ క్యాలెండర్‌లో నెల మధ్య రోజుని చెప్పే ఐడ్స్, తర్వాత లైన్. నిలువుగా చదివితే మొదటిది ఎయిల్, అంటే జబ్బుపడటం. రెండోది ఇదీ, అంటే మళ్లీ అమీన్. మూడోది డెన్, నాలుగోది దక్షిణ ఆగ్నేయ దిక్కుని సూచించే మూడక్షరాల పొట్టి గుర్తు. అరచేయంత మూలలో ఒక ప్రాణాంతక వ్యాధి, ఒక అనారోగ్యం, ఒక నరహంతకుడు. చూడగానే ఇంతకంటే దారి లేదనిపిస్తుంది.

ఇప్పుడు మూడో వరసలో ఐ తీసి ఓ పెడితే లైన్ కాస్తా లోన్ అవుతుంది, ఒంటరి అనే అర్థంలో. నిలువులో ఇదీ పోయి "ఐ డు" వచ్చింది, పెళ్లిలో చెప్పే మాట. మొదటి వరసలో డి తీసి ఎం పెడితే ఎయిడ్స్ పోయి ఎయిమ్స్ అయింది, అంటే లక్ష్యాలు; నిలువులో డెన్ స్థానంలో మెన్ వచ్చి కూర్చుంది. మూడో వరస మొదట్లో ఎల్ బదులు డి పెడితే లోన్ డన్ అవుతుంది, ఎయిల్ ఎయిడ్ అవుతుంది, అంటే సాయం. మూడు అక్షరాలు మారాయి, మూల మొత్తం శుభ్రం.

పెద్ద పజిల్‌లో పని ఇంత సుళువుగా సాగదు. ఒకే విషయం చుట్టూ అల్లిన పొడవాటి థీమ్ మాటలు ముందే బిగించి ఉంటే ఒక అక్షరం కదిపినప్పుడు అటూ ఇటూ ఐదారు మాటలు కూలిపోతాయి, మళ్లీ గంటలు గంటలు కూర్చోవాలి. అయినా అది ఓపికకి సంబంధించిన సమస్య. దారి మూసుకుపోయిందని చెప్పడానికి లేదు. పైగా ఇప్పుడు చాలామంది సాఫ్ట్‌వేర్‌తోనే కూరుస్తున్నారు. అందులో లక్షల మాటల పట్టీ ఉంటుంది, ఒక్కో మాటకి మార్కులు వేసి పెట్టుకుంటారు, యంత్రం ఎక్కువ మార్కులున్న మాటల్నే ముందు చూపిస్తుంది. ఒక తిట్టుకి పట్టీలో సున్నా వేస్తే అది ఇక ఎప్పుడూ తెరమీదికి రాదు. అసలు నిర్ణయం గళ్ల దగ్గర కాకుండా ఎన్నో రోజుల ముందే, ఆ పట్టీ తయారుచేసిన చోట జరిగిపోతోందన్నమాట. ఒకరి పట్టీని ఇంకొకరు తీసుకుని వాడుకోవడం మామూలే కాబట్టి ఒకరికి తెలియని తిట్టు పది మందికి తెలియని తిట్టుగా మారడం కూడా అంతే తేలిక.

ఆధారం మార్చితే మరక పోతుందా?

పాత ఉపాయం ఒకటుంది, మాటని ఉంచేసి ఆధారాన్ని అమాయకంగా రాయడం. గాడిదనే అర్థంతో ఒక బూతుని పెడతారు. ఎయిడ్స్ అని నాలుగక్షరాలు వచ్చి, ఆధారంలో మాత్రం "సాయపడుతుంది" అని ఉంటుంది. పేకముక్కల ఆధారంతో ట్రంప్ వస్తాడు, ఈజిప్టు దేవత పేరుతో ఐసిస్ వస్తుంది. 2014 తర్వాత ఈ చివరిది పెట్టాలంటే ఎడిటర్లకి టెన్షన్ మొదలైంది, అప్పటిదాకా పజిల్స్‌లో హాయిగా తిరిగిన దేవతే అయినా సరే.

ఈ ఉపాయం కొన్ని మాటల విషయంలో నిజంగానే పనిచేస్తుంది. గాడిద అన్న అర్థం జనం నోట్లో ఇంకా బతికే ఉంది, సాయం అన్న అర్థం అయితే రోజూ వాడేదే. రెండో అర్థం గుర్తొచ్చినా చిన్న నవ్వో, చిన్న చిరాకో, అంతటితో సరి. బీనర్ దగ్గర ఇది ఎందుకు తిరగబడిందంటే, అక్కడ హాని లేని అర్థం నిఘంటువులో తప్ప ఎక్కడా లేదు. పూరించేవాళ్లకి మనసులో మొదట మెదిలేది తిట్టే. ఆధారం ఏం చెప్పినా గళ్లలో మిగిలేవి ఆ ఆరు అక్షరాలే.

కాబట్టి అడగాల్సింది హాని లేని అర్థం ఉందా లేదా అని కాదు. ఆ రెండు అర్థాల్లో జనం నోట్లో ఏది ఎక్కువగా ఆడుతోంది, ఆ రెండోది ఎవరి మీద పడుతుంది?

2006 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్‌లోనే ఇంకోరకం గొడవ వచ్చింది. "దుర్మార్గుడు" అన్న ఆధారానికి స్కమ్‌బ్యాగ్ అని జవాబు. ఇవాళ చాలామందికి అది వట్టి తిట్టు మాటే, కానీ దాని మొదటి అర్థం వాడి పారేసిన కండోమ్. పెద్ద వయసు పాఠకులకి ఆ సంగతి గుర్తుంది, వాళ్లు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఇక్కడ పరిస్థితి బీనర్‌కి సరిగ్గా ఎదురు, కంపు కొట్టే అర్థం వాడుకలోంచి మెల్లగా జారిపోతోంది. పైగా ఏ వర్గాన్నీ కించపరచట్లేదు. ఇది మర్యాదకి సంబంధించిన తప్పు, న్యాయానికి సంబంధించింది కాదు. రెండింటినీ ఒకే తప్పుల చిట్టాలో రాయడం వల్లే "ఈ రోజుల్లో ఏం రాసినా తప్పేనా" అన్న విసుగు పుడుతోంది.

2012లో వచ్చిన కేసు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే అక్కడ మాటలో తప్పేమీ లేదు. ఇల్లీగల్ అనేది విశేషణంగా రోజూ వాడేదే. ఆధారం మాత్రం సరిహద్దు గస్తీకి దొరికిన మనిషి అన్న అర్థంతో వచ్చింది. చట్టవిరుద్ధం అనే విశేషణాన్ని మనిషికి పేరుగా మార్చింది ఆ ఆధారమే. వలసల మీద అమెరికాలో నడుస్తున్న గొడవలో అది ఒక పక్షం వాడే భాష. అది నొప్పించే వాడుకేనని ఎడిటర్ కూడా ఆ తర్వాత ఒప్పుకున్నాడు. "చట్టానికి వ్యతిరేకం" అని ఒక్క ముక్క రాసుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

రాజకీయం ఎక్కడి నుంచి దూరుతుంది?

రాజకీయాన్ని గళ్లలోంచి తోసేయడానికి చాలామంది ప్రయత్నించారు. లండన్ టైమ్స్ క్రిప్టిక్ క్రాస్‌వర్డ్‌లో (ఆధారంలోనే మాటల తిరకాసు ఉండే రకం) దశాబ్దాల పాటు బతికున్న మనుషుల పేర్లు నిషిద్ధం, సింహాసనం మీదున్న రాజుకో రాణికో మాత్రం మినహాయింపు. చాలా తెలివైన నియమం. మనిషి పోతే ఇక కొత్త కుంభకోణంలో ఇరుక్కునే ప్రమాదం ఉండదు.

పేర్లు తీసేసినంత మాత్రాన చరిత్ర ఊరుకోదు. 1944 మే నెలలో లండన్ డైలీ టెలిగ్రాఫ్ పజిల్స్‌లో యూటా, ఒమాహా, మల్బరీ, ఓవర్‌లార్డ్ అనే మాటలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, జూన్ మొదట్లో నెప్ట్యూన్ కూడా వచ్చింది. అన్నీ ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రరాజ్యాలు చేయబోతున్న దండయాత్రకి పెట్టుకున్న రహస్య పేర్లే. కూర్చిన లెనార్డ్ డా అనే హెడ్‌మాస్టరుని నిఘావాళ్లు వచ్చి ప్రశ్నించారు, గూఢచర్యం ఆనవాలేమీ దొరకలేదు. ఖాళీ గళ్లలో మాటలు నింపే పని ఆయన తన విద్యార్థులకి ఇచ్చేవాడని, వాళ్లు దగ్గర్లో మకాం వేసిన సైనికుల నోట ఆ పేర్లు విన్నారని 1984లో ఆ విద్యార్థుల్లో ఒకాయన చెప్పాడు.

వెనెజువెలాలో 2012 మే నెలలో జరిగింది ఇంకా విచిత్రం. ఊల్తిమాస్ నోతీసియాస్ పత్రిక క్రాస్‌వర్డ్‌లో ఆదాన్ అన్న పేరు, చంపమనే అర్థమొచ్చే మాట, తుపాకి కాల్పుల జోరుని చెప్పే మాట మూడూ ఉన్నాయి. అధ్యక్షుడు ఛావెజ్ వాళ్ల అన్నయ్య పేరు ఆదాన్. ఇంకేముంది, ఇది హత్యకి సంకేతమని ప్రభుత్వ టీవీ వ్యాఖ్యాత ఒకాయన ఆరోపించాడు, పజిల్ కూర్చిన టీచరు నిఘా సంస్థకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆదాన్ అంటే బైబిల్లో మొదటి మనిషి పేరు కూడా. పొట్టి మాట, రెండు అచ్చులు, కూర్చేవాళ్లకి వరం లాంటిది. అనుమానంతో చూసే అధికారానికి మాత్రం అచ్చుల లెక్క అక్కర్లేదు.

రాజకీయాన్ని కావాలనే తెచ్చి మెప్పు పొందినవాళ్లూ ఉన్నారు. 1996 నవంబర్ 5, అమెరికా అధ్యక్ష ఎన్నిక రోజు. న్యూయార్క్ టైమ్స్ పజిల్‌లో ఆధారం: రేపటి పత్రికలో పెద్ద వార్త. క్లింటన్ గెలిచాడని చాలామంది నింపారు, పత్రిక పక్షపాతం చూపిస్తోందని ఫోన్లు మోగాయి. తీరా చూస్తే ఆ గళ్లలో ప్రత్యర్థి బాబ్ డోల్ పేరు పెట్టినా సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే లంకె మాటలన్నిటికీ రెండేసి జవాబులున్నాయి. హాలోవీన్ నల్ల జంతువు అంటే పిల్లి అయినా రైటే, గబ్బిలం అయినా రైటే. కూర్చింది జెరెమయా ఫారెల్. గళ్లలో అంతకన్నా తాజా రాజకీయం ఉండదు, అయినా అది ఎవరి పక్షమూ తీసుకోలేదు. పూరించేవాళ్లు ఎవరిని రాస్తే వాళ్లే గెలుస్తారు.

కాలం తెచ్చిపెట్టే రాజకీయం ఇంకో రకం. 2022 మే 9న, ఐదక్షరాల మాటని ఊహించే వర్డిల్ ఆటలో జవాబు ఫీటస్, అంటే గర్భస్థ పిండం. వారం కిందటే అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కు తీర్పు ముసాయిదా బయటికి పొక్కింది, దేశమంతా అదే గొడవ. ఆ మాట అంతకు ముందు ఏడాదే జాబితాలోకి ఎక్కిందని, ఇది కేవలం కాకతాళీయమని టైమ్స్ చెప్పింది, ఆదరాబాదరాగా జవాబు మార్చింది కూడా. కానీ పాత పేజీని మళ్లీ లోడ్ చేసుకోనివాళ్లకి పాత జవాబే వచ్చింది. ఆ పూట ఒకే ఆటకి రెండు జవాబులు నడిచాయి. అది టైమ్స్ జనవరిలో కొన్న ఆట, కొన్నాక బానిస, మూకహత్య లాంటి అర్థాలున్న కొన్ని మాటల్ని ముందే తీసేశారు. ఇది మాత్రం ఏ నిషిద్ధ జాబితాలోనూ ఉండదగ్గ మాట కాదు, వైద్యపుస్తకంలో మామూలు పదం. దాన్ని రాజకీయం చేసింది తేదీ.

ఆఖరికి మాట అవసరం లేకుండా కూడా గొడవ రావచ్చు. 2022 డిసెంబర్ 18, యూదుల హనుక్కా పండగ మొదలయ్యే రోజు. ఆ ఆదివారం టైమ్స్ గళ్ల నల్ల అమరిక నాజీ గుర్తులా ఉందని చాలామంది మండిపడ్డారు. గళ్లు తిప్పి చూసినా ఒకేలా ఉండాలనే నియమం వల్ల సుడి తిరిగినట్టుండే ఆకారాలు తరచూ వస్తాయని టైమ్స్ జవాబిచ్చింది. లెక్క ప్రకారం అది నిజమే. మన గడపల మీద పసుపు కుంకుమలతో వేసే స్వస్తిక్‌కీ అదే రకం తిప్పుడు ఉంది, అందుకే తెలుగువాళ్లలో చాలామందికి ఆ గళ్లు చూస్తే ఏమీ అనిపించకపోవచ్చు. కానీ ఆ పత్రిక పాఠకుల్లో ఆ గుర్తు కింద చనిపోయినవాళ్ల మనవలు ఉన్నారు. పైగా టైమ్స్ పజిల్ మీద ఇదే ఫిర్యాదు అంతకుముందూ వచ్చింది.

స్క్రాబుల్‌తో పోలిస్తే

అక్షరాల బిళ్లలతో మాటలు కూర్చే స్క్రాబుల్‌లో మాటకి అర్థమే అక్కర్లేదు, చెల్లుతుందా లేదా అన్నదే ముఖ్యం. ఏ మాట వేయాలో ఆడేవాళ్లే ఎంచుకుంటారు, అవతలివాళ్లు నొచ్చుకుంటే అది ఆ ఇద్దరి మధ్య సంగతి. అయినా అక్కడా గొడవ తప్పలేదు. 1990ల్లో అమెరికాలో అధికారిక నిఘంటువులోంచి వందకు పైగా మాటలు తీసేస్తే పోటీల్లో ఆడేవాళ్లు ఊరుకోలేదు, చివరికి ఇళ్లలో ఆడుకోవడానికి ఒక జాబితా, పోటీలకి వేరే జాబితా అని రాజీ కుదిరింది. పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత 2020లో ఉత్తర అమెరికా ఆటగాళ్ల సంఘం పోటీ జాబితాలోంచి కూడా రెండొందలకు పైగా తిట్లు తీసేసింది. మరుసటి ఏడాది మిగతా ప్రపంచంలో ఆ ఆట హక్కులున్న మాటెల్ దాదాపు నాలుగొందలు తీసేయించింది. వ్యతిరేకించినవాళ్ల వాదన ఒకటే: అక్కడవి మాటలు కాదు, మార్కులు తెచ్చే అక్షరాల వరసలు.

ఆ వాదనకి స్క్రాబుల్‌లో ఎంతో కొంత బలం ఉంది, క్రాస్‌వర్డ్‌లో అస్సలు లేదు. క్రాస్‌వర్డ్ మొత్తం అర్థం మీదే నడుస్తుంది. మాటని ఎంచినవాళ్లు ఒకరు, రాయాల్సినవాళ్లు లక్షలమంది, రాయనంటే పజిల్ అసంపూర్తిగా మిగిలిపోతుంది. అందుకే స్క్రాబుల్‌లో చెల్లే ప్రతి మాటా క్రాస్‌వర్డ్‌లో చెల్లాలనడం కుదరదు.

అచ్చయ్యే చోటు, ఎంచే చేతులు

బూతుల సంగతికి వస్తే, పరిష్కారం చాలా ఏళ్ల కిందటే దొరికింది. బ్రిటన్ వ్యంగ్య పత్రిక ప్రైవేట్ ఐ క్రాస్‌వర్డ్‌లో బూతులు, నాయకుల మీద వెటకారాలు దండిగా ఉంటాయి, ఒకప్పుడు దాన్ని కూర్చింది సాక్షాత్తూ లేబర్ పార్టీ ఎంపీ టామ్ డ్రైబర్గ్. ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే ఆ పత్రిక కొనేవాళ్లు దానికోసమే కొంటారు. అమెరికాలో అమెరికన్ వాల్యూస్ క్లబ్ క్రాస్‌వర్డ్ లాంటి చందా పజిల్స్ కూడా ఇదే దారిలో వచ్చాయి. ఏ బల్ల మీదికి వెళ్తుందో తెలిసినప్పుడు అసభ్యత పెద్ద సమస్యే కాదు.

ఇక్కడ ఇంకో సంగతి కలుస్తుంది. 2019లో ఇంక్యుబేటర్ అని మహిళలు (ట్రాన్స్ మహిళలు సహా) కూర్చే పజిల్స్ మొదలయ్యాయి. నెలసరి లాంటి మాటలు అక్కడ మామూలుగా వచ్చేవి. బ్రేక్‌ఫాస్ట్ టెస్ట్‌లో అవి అసహ్యం కోటాలో పడేవి. జనాభాలో సగం మందికి నెలనెలా ఉండే విషయం అసహ్యమైనదని ఎవరు తేల్చారు? ఇంక్యుబేటర్ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన ట్రేసీ బెనెట్ తర్వాత టైమ్స్‌లో చేరి, 2022 నవంబర్ నుంచి వర్డిల్‌కి ఎడిటర్ అయ్యారు. 2020లో పజిల్ కూర్చేవాళ్లు, పూరించేవాళ్లు వందలమంది సంతకాలు చేసి టైమ్స్‌కి బహిరంగ లేఖ రాశారు. ముందుగా పూరించి చూసే పరీక్షకుల్లో రకరకాల నేపథ్యాలవాళ్లు ఉండాలని, ఆధారాలు మార్చితే అచ్చుకు ముందే కూర్చినవాళ్లకి చూపించాలని అడిగారు. చాలా ఆధారాలు ఎడిటర్ బల్ల దగ్గరే మారతాయి, కింద పేరు మాత్రం కూర్చినవాళ్లది ఉంటుంది. ఆధారం వల్ల తిట్లు వస్తే అవి తినేది ఎవరో వేరే చెప్పాలా.

నిషిద్ధ జాబితా ఎంత పొడుగైనా బీనర్ లాంటిది మళ్లీ జారుతుంది, జాబితా రాసినవాళ్లకి తెలియని తిట్టు అందులోకి రాదు కాబట్టి. చూసే కళ్లు పెరిగితే జారే అవకాశం తగ్గుతుంది. యంత్రం ఈ పని చేయగలదా అంటే, మాటని పట్టుకోగలదు. ఇల్లీగల్ లాంటి మామూలు మాటకి తగిలించిన ఆధారాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

తెలుగు గళ్లలో ప్రమాదం వేరే చోట ఉంది

తెలుగులో గళ్ల నుడికట్టుకి మంచి చరిత్రే ఉంది, శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లు కూర్చారు. మన గళ్ల నిర్మాణమే వేరు. ఇంగ్లీషులో ఇరవయ్యారు అక్షరాలతో పని, మనకి గడికో అక్షరం అంటే గుణింతాలు, ఒత్తులు కలిపి వందల రకాలు. ఒకే అక్షరం అడ్డంలోనూ నిలువులోనూ కుదరడం కష్టం కాబట్టి మనవాళ్లు నల్లగళ్లు ఎక్కువ పెడతారు, లంకెలు తగ్గిస్తారు. అప్పటికీ కుదరకపోతే మనకో వెసులుబాటు ఉంది, మాటని తిరగేయడం. "తలకిందులైన రాజు" అని ఆధారమిచ్చి నిలువులో "జురా" అని రాయించేస్తారు. "తడబడిన", "తోకలేని", "చెల్లాచెదురైన" అని రాస్తే ఏ ముక్కైనా చెల్లుబాటే. ఇంగ్లీషు పజిల్‌లో ఇలా చేస్తే ఎడిటర్ వెనక్కి పంపేస్తాడు.

ఈ వెసులుబాటు వల్ల తెలుగులో గళ్లు ఇరికించాయన్న సాకు ఇంకా తక్కువ చెల్లుతుంది. ఒక బూతో తిట్టో కనపడిందంటే ఎవరో కావాలని పెట్టారనే.

మన దగ్గర జారేది ఆధారాల్లో, ముఖ్యంగా సామెతల్లో. ఖాళీ పూరించమని సామెత ఇవ్వడం తెలుగు పజిల్స్‌లో అరిగిపోయిన పద్ధతి. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు", "గుడ్డికన్నా మెల్ల మేలు" లాంటివి ఆలోచించకుండానే వచ్చేస్తాయి. కులాల పేర్లతో ఉన్న సామెతలు ఇంతకన్నా చేటు. వాటిలో చాలావరకు ఒక కులాన్ని మోసగాళ్లుగానో, మురికివాళ్లుగానో, తెలివిలేనివాళ్లుగానో చూపించేవే. షార్ట్జ్ చెప్పిన హాని లేని అర్థం సూత్రాన్ని ఇక్కడ పెట్టి చూడండి. కులం పేరు నిఘంటువులో ఒక వృత్తి పేరు, ఒక సమూహం పేరు, అందులో ఏ దోషమూ లేదు. సామెతలో కూర్చున్నాక అదే మాట దెబ్బ అవుతుంది. ఎస్సీ, ఎస్టీలను పదిమందిలో కులం పేరుతో తిట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా. సామెత పాతది కదా, మేం పుట్టించింది కాదు కదా అనొచ్చు. మన సామెతలు వేలల్లో ఉన్నాయి, పూరించడానికి వేరేది దొరకదా?

రాజకీయం మాత్రం మనకి ఇంకా తమాషాగా తగులుతుంది. ఫ్యాను, సైకిలు, కారు, కమలం, గాజుగ్లాసు, చెయ్యి, ఇవన్నీ ఇంట్లో ఉండే మాటలే, ఇవన్నీ ఎన్నికల గుర్తులే. పోలింగ్ రోజు పజిల్‌లో "ఎండాకాలంలో దీని కిందే కూర్చుంటాం" అని రెండక్షరాలు అడిగితే ఒక పార్టీవాళ్లు మురిసిపోతారు, ఇంకో పార్టీవాళ్లు ఫోన్ చేస్తారు. ఆ రోజు ఆ మాట వద్దనుకోవడం ఎడిటర్ విచక్షణ. ఐదేళ్లపాటూ ఫ్యాను లేకుండా తెలుగు పజిల్ కూర్చమంటే మాత్రం ఎవరివల్లా కాదు.